సీటు లేని సైకిల్

మొన్న ఆదివారం వెనక టైరు మార్పించడానికి మేడ్చల్‌లో సైకిల్ షాపుకి వెళ్ళాను. షాపతను టైరు ఎక్కించి, గాలి కొట్టి, బండిని కాస్త దూరంగా నిలబెట్టి చూశాడు. "సీటు గూడ మార్చేద్దాం సార్, అంచులు చిరిగిపోయినయ్," అన్నాడు. వద్దన్నాను. "బండి గింత మంచిగ పెట్టుకున్నరు, సీటెందుకు సార్ గిట్ల?" అన్నాడు మళ్ళీ. అందులో వెక్కిరింపేమీ లేదు. కానీ షాపు ముందు నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు. నవ్వేసి డబ్బులిచ్చి వచ్చేశాను. దారి పొడుగునా ఆ జవాబే నాలో నేను చెప్పుకుంటూ వచ్చాను. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మాది గోదావరి వైపు. ఉద్యోగం కోసం నగరానికి వచ్చి, ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళు మారి, చివరికి తూంకుంటలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మా నాన్నగారు పురాణం చెప్పేవారు. అక్షరాలు కూడబలుక్కునే వయసు నుంచీ ఆయన పక్కన కూర్చుని పుటలు తిప్పడం నా పని. ఆ అలవాటు వల్లనే కాలనీలో శనివారం సత్సంగంలో పారాయణం చదివే బాధ్యత నాకు అప్పజెప్పారు. రిటైరయ్యాక నా లోకమంతా అదే అయింది. అయితే ఏళ్ళ తరబడి నేల మీద మఠం వేసుకుని కూర్చున్న మోకాళ్ళు ఒకనాడు మొరాయించాయి. నడక తగ్గించి సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. శామీర్‌పేట చెరువు పక్క రోడ్డు మీద ఆదివారం పొద్దున్నే సన్న టైర్ల సైకిళ్ళ మీద నడుము వంచి దూసుకుపోయేవాళ్ళని చూసి చూసి, తొక్కితే అలాంటిదే తొక్కాలని నాకొక కోరిక పుట్టింది. "ఎండిన మిడత మీద ఎక్కినట్టుంటుంది, మీ ఇష్టం," అంది మా ఆవిడ.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత రోడ్ బైక్, అదే ఆ సన్న టైర్ల సైకిలు, అమ్మకానికి ఉందని పెట్టారు. శామీర్‌పేట పాత ఊళ్ళో ఇల్లు. ఒకప్పటి గేదెల కొట్టంలో ఇప్పుడు కారు, దాని పక్కన గోడకు ఆనించి ఈ సైకిలు. టైర్లు బీటలు వారాయి. గొలుసు తుప్పుతో బెల్లం రంగుకి తిరిగింది. హ్యాండిల్‌కి చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది. ఇవన్నీ చూశాక గానీ అసలు సంగతి గమనించలేదు. బండికి సీటు లేదు.

ఇంటావిడ మంచినీళ్ళ చెంబు తెచ్చి "తాగు తమ్మీ," అంది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఆ మాటతో ఆవిడ నాకు అక్క అయింది. అక్క భర్త కాబట్టి, అరుగు మీద అటు తిరిగి కూర్చున్న పెద్దాయన నాకు బావ అయ్యాడు. సీటేదని అడిగాను.

"సీటు ఇయ్య," అన్నాడు బావ, తల తిప్పకుండానే.

"సీటు లేకుండా ఎలా తొక్కడం?"

"బజార్ల బొచ్చెడు సీట్లున్నయ్, కొనుక్కో. గిది నా మొక్కు."

కథంతా అక్క చెప్పింది. వాళ్ళ వరి పొలాలు ప్లాట్లయ్యాక, పొద్దున లేస్తే చేసే పని లేక బావకి పిచ్చెక్కినంత పనయ్యిందట. ఒకరోజు నగరానికి పోయి ఈ సైకిలు కొనుక్కొచ్చాడు. ఒకప్పుడు నీళ్ళు పెట్టడానికి తిరిగిన గట్ల మీద పడిన సిమెంటు రోడ్లన్నీ దాని మీద తిరిగాడు. "పంచె గొలుసుల పడుతాందని నిక్కరు దెచ్చుకున్నడు తమ్మీ. తొడలకు అతుక్కునేది. మొదటి దినం గది ఏసుకోని బజార్లకు పోతే నేను తలుపేసుకున్న." తర్వాత అక్కకి కడుపులో గడ్డకి ఆపరేషన్ అయింది. ఆమె లోపల ఉండగా బావ ఆస్పత్రి మెట్ల మీద నిలబడి, ఈమె లేచి తిరిగితే ఐదేళ్ళు కార్తీక సోమవారం నాడు ఈ సైకిలు మీద కీసర గుట్టకి వస్తానని శివుడికి మొక్కాడు. రూపాయి బిళ్ళని పసుపు గుడ్డలో కట్టి ఆ ముడుపుని సీటు కింద కమ్మీకి ముడివేశాడు. మొక్కు తీరేదాకా ముడుపు విప్పకూడదు. అక్క లేచి తిరిగింది. బావ నాలుగు కార్తీకాలు వెళ్ళొచ్చాడు. ఐదోది మిగిలి ఉండగా కళ్ళకి నీటికాసులు వచ్చాయి.

"ముంగట మంచిగనే కనబడతది," అన్నాడు బావ. "పక్కపొంటి వచ్చేదే కనబడదు. గొట్టంలకెల్లి చూసినట్టు."

కిందటి కార్తీకంలో ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడట. పక్క రోడ్డులోంచి వచ్చిన టిప్పర్ని చూడలేదు. డ్రైవరు సమయానికి బ్రేకు తొక్కబట్టి మనిషి మిగిలాడు. "బండి ఇంట్ల ఉంటే మళ్ల పోతడు తమ్మీ. గందుకే అమ్ముతున్న. నా పానం కోసమని మొక్కి, ఇగ నా పానమే తీస్తుండు." బావ ఒళ్ళో పెట్టుకున్న సీటు మీద అరచెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నల్లటి సీటు, దాని కింద వేలెడు పసుపు గుడ్డ.

నేను అక్కని కాదనలేకపోయాను, బావని తప్పనలేకపోయాను. మొక్కు తీరకపోతే దేవుడు పగబడతాడని నేనెన్నడూ నమ్మలేదు, సత్సంగంలో ఎవరికీ చెప్పలేదు. కానీ మాట ఇచ్చినవాడు ఆ మాటని దించుకునేదాకా మోస్తూనే ఉంటాడని మాత్రం నమ్ముతాను. సీటు లేని బండినే కొని ఆటోలో ఎక్కిస్తుంటే, ఆ బరువులో సగాన్ని నేను తీసుకుపోతున్నట్టు అనిపించింది. మిగతా సగం ఆయన ఒళ్ళోనే ఉండిపోయింది.

ఆషాఢం వెళ్ళేదాకా బండి గడప తొక్కకూడదంది మా ఆవిడ. అన్నాళ్ళూ అది పక్కింటివాళ్ళ కారు షెడ్డులో ఉంది. శ్రావణంలో నేను టైర్లు, గొలుసు మార్పించి, వేరే సీటొకటి బిగించి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దానికి శాస్త్రోక్తంగా పూజ చేసింది. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి దండ. అంతటితో ఆగకుండా, ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చిన నూనె సింధూరాన్ని రెండు చక్రాల అంచులకీ చుట్టూ పట్టించింది. కారుకైతే ఏమీ కాదు. ఈ సైకిలుకి బ్రేకులు పట్టుకునేది సరిగ్గా ఆ అంచులనే. మర్నాడు పొద్దున చెరువు దగ్గర పల్లంలో బ్రేకు నొక్కితే, బండి నా మాట వినకుండా జారుకుంటూ పోయి తుమ్మ పొదలో ఆగింది. ముళ్ళు తీయించుకుంటూ ఆ సంగతి ఫోనులో అక్కకి చెబుతుంటే, వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "దేవునికి పెట్టేది దేవునికి పెట్టాలె, బ్రేకుకు పెడతరా? ఆటో పిలువు, నేను పోత."

ఆ రోజు మొదలు బావ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తన బండిని మా చేతుల్లో వదిలెయ్యడం ఇష్టం లేదు. వసారాలో స్టూలు మీద కూర్చుని చక్రాన్ని తిప్పుతూ, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో సింధూరమంతా తుడిచాడు. తుడిచిన గుడ్డని పారెయ్యకుండా, స్వామి సింధూరమని తులసి మొదట్లో పిండించాడు. బ్రేకు తీగలు మార్చాం. హ్యాండిల్‌కి కొత్త టేపు నేను చుడితే ముడతలు పడింది. "తలకు రుమాల్ సుట్టుకున్నవా ఎప్పుడన్న? గట్ల సుట్టాలె, గుంజి పట్టుకోని," అని విప్పించాడు. తనూ చుట్టాడు. ఆయనదీ ముడతలే పడింది. చివరికి ఆయన గుంజి పట్టుకుంటే నేను చుట్టాను. మా ఆవిడ కాఫీ ఇస్తే "గింత చేదు ఎట్ల తాగుతరు?" అంటూనే తాగేవాడు. ఇన్ని మాటల్లో కార్తీకం మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

ఎత్తింది అక్కే. దసరా వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి, "శాస్త్రం సదివినోనివి, నువ్వు జెప్తే ఇంటడు. ఆయన బదులు నువ్వు సైకిలు మీద పోయొస్తే మొక్కు తీరుతదని జెప్పు తమ్మీ," అంది. అది అబద్ధమేమీ కాదు. నడవలేనివాడి బదులు ఇంకొకరు వెళ్ళి మొక్కు తీర్చవచ్చని పెద్దలు చెబుతారు. నేనూ నమ్మే చెప్పాను. బావ ఓపికగా అంతా విన్నాడు.

"శాస్త్రం ఒప్పుకుంటది," అన్నాడు. "నేను శాస్త్రాన్ని అడిగి మొక్కిన్నా? ఆస్పత్రి మెట్ల మీద నేనొక్కన్నే ఉన్న. ఇన్నది ఆయనొక్కడే."

 ఎన్నో ఏళ్ళుగా చదివిన చదువు అక్కడ పనికి రాలేదు.  అక్క కొంగు బిగించి లేచింది. "మొక్కు ఎవల కోసం? నా కోసమే గద. అయితే నేను గూడ వస్త. సైకిలు నడిపించుకుంట పోదాం. దాని మీద నీ సీటు ఉంటది, సీటు మీద నీ చెయ్యి ఉంటది. శివుడు సాలదంటే నాతోని మాట్లాడుమను."

బావ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

కార్తీక సోమవారం, అర్ధరాత్రి దాటగానే బయల్దేరాం. నేను పెట్టుకున్న సీటు తీసి, బావ తన సీటుని తన చేత్తోనే బిగించుకున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు పట్టుకుని కీసర వైపు నడిచాం. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. బావ సీటు మీద చెయ్యి వేసి నా వెనక, లారీలు వచ్చే వైపు కాకుండా లోపలి వైపు. అక్క కొబ్బరికాయల సంచీతో ఆయన పక్కన. తొక్కకుండా నడిపిస్తే ఆ సైకిలు వెనక చక్రంలోంచి టిక్ టిక్‌మని సన్నగా చప్పుడు వస్తూ ఉంటుంది. "గిది ఇనబడుతాంటే సాలు, కండ్లతోని పనిలేదు," అన్నాడు బావ. నా మోకాళ్ళ కోసం చాలాచోట్ల ఆగాం. మధ్యలో పంచాక్షరి అందుకున్నాను. బావ గొంతు కలిపాడు. అక్క కలపలేదు, రోడ్డు చూస్తూ నడిచింది. తెల్లవారుతుండగా మంచులో దూరంగా గుట్ట కనిపించినప్పుడు, చూపు ఆనినంత మేర బావ దాని వైపే చూస్తూ నడిచాడు.

గుట్ట కింద బండ్లు నిలపడానికి చదును చేసిన మైదానం ఉంది. అటువైపు ఇంకా జనం రాలేదు. బావ అక్కడ ఆగాడు. సీటు మీద చెయ్యి తియ్యలేదు.

"ఒక్కపాలి కూసుంట," అన్నాడు అక్కతో. అడిగినట్టు లేదు, బతిమాలినట్టూ లేదు.

అక్క మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. కొబ్బరికాయల సంచీ కింద పెట్టింది. అన్నేళ్ళలో ఆ సైకిలుని ఒక్కనాడూ ముట్టుకోనిది, వచ్చి సీటు వెనక రెండు చేతులతో పట్టుకుంది. "ఎక్కు," అంది.

బావ ఎక్కాడు. నేను హ్యాండిల్ ఒక పక్క పట్టుకున్నాను. కాళ్ళు పెడల్స్ మీద పెట్టి నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టగానే, అంతదాకా మాతో నడిచి వచ్చిన టిక్ టిక్ ఆగిపోయింది. గాలి కూడా లేదు. అక్క చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. పూలమ్మే ఆమె బుట్ట దించుకుంటూ చూసి, "తాత సైకిలు నేర్సుకుంటుండా?" అంది. "అవ్, నేర్పిస్తున్న. నీకేమన్న తక్లీఫా?" అంది అక్క రొప్పుతూ, చేతులు వదలకుండా. మైదానం ఆ చివరిదాకా వెళ్ళాం. దిగినప్పుడు బావ కళ్ళు తుడుచుకోలేదు. అవి తడిసినట్టు ఆయనకి తెలియలేదనుకుంటాను.

మెట్లు ఎక్కే ముందు, సీటు కింది ముడుపుని ఆయన వేళ్ళతోనే విప్పుకున్నాడు. ముడి బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. నేను సాయానికి వెళ్ళబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. పైన గుడిలో రూపాయి హుండీలో పడింది. దర్శనం అయ్యి మెట్లు దిగాక, బావ తడుముకుంటూ సైకిలు దగ్గరికి వెళ్ళి సీటుని ఒకసారి తట్టాడు. "ఇగ గిది నీది. తియ్యకు," అన్నాడు నాతో. ఆటో వెనక సైకిలు కట్టుకుని, ముగ్గురం ఇరుక్కుని కూర్చుని ఇంటికి వచ్చాం.

రెండేళ్ళకి, ఒక మధ్యాహ్నం అరుగు మీద నిద్రలోనే బావ వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి అక్క ఏడవడం అయిపోయి కూర్చుని ఉంది. "మొక్కు బాకీ లేకుండ పోయిండు తమ్మీ," అంది. ఆ తర్వాత మా సత్సంగంలో మొక్కుల గురించి ఎవరు ఏమడిగినా, పెద్దలు చెప్పింది చెబుతాను. చెప్పాక, ఆ మాట ఎవరి కోసం ఇచ్చావో, వాళ్ళని కూడా అడగమంటాను.

ఇప్పటికీ శామీర్‌పేట వైపు వెళితే వాళ్ళ వీధి మలుపు తిరగగానే తొక్కడం ఆపేస్తాను. బండి తనంతట తాను పోతుంది, టిక్ టిక్‌మంటూ. లోపల బియ్యం ఏరుకుంటున్న అక్క తలెత్తుతుంది. చాలాసార్లు మాటలు కూడా ఉండవు, చెయ్యి ఊపి వెళ్ళిపోతాను. కాళ్ళు ఆడుతున్నంతసేపూ ఆ చక్రం చప్పుడు వినిపించదు, ఆపితేనే వినిపిస్తుంది. కాలం కూడా మేం తొక్కినన్నాళ్ళూ నిశ్శబ్దంగానే నడిచింది, బావ ఆగిపోయాకే దాని చప్పుడు తెలిసింది.