కొట్పాడ్ ఎర్ర కండువా

ఒడిశాలోని కొట్పాడ్‌లో చేనేత బట్టల కొట్టు నడిపే పార్వతి మన శ్రీకాకుళం పిల్లే. ఆ రోజు నేను ఆ కొట్లోనే కూర్చున్నాను; సాయంత్రమవుతున్నా బేరాల్లేవు. చివరికి హైదరాబాదు నుంచి ఊళ్లు చూడ్డానికొచ్చిన ఒకావిడ, ప్రకృతి సహజమైనవంటే తనకు ప్రాణమంటూ ఎర్ర కండువా తీసింది. ముక్కు చిట్లించి, "ఏంటీ వాసన?" అంది.

"సెట్టు వేళ్లతో తీసిన రంగు, అమ్మా. అసలు సరుకు," అంది పార్వతి.

సగం నిజం వింటే నాకు ఒళ్లు మండుతుంది. "వేళ్లొక్కటే కాదమ్మా. నూలుకి ఆముదం, ఆవు పేడ పట్టిస్తేనే రంగు నిలుస్తాది. సిన్నప్పుడు మా నాన్నతో ఈ ఊరొచ్చినప్పుడు కళ్లారా సూసేను," అన్నాను.

ఆవిడ కండువా వదిలేసి, చేతులు తుడుచుకుంటూ కారెక్కింది.

పార్వతి దాన్ని మడిచి నా భుజాన వేసింది. "ఇంత తెలిసినోడివి, ఇంక నువ్వే కొనుక్కో తాతా."

కొన్నాను. నిజం చెప్పినవాడే సరుకు మోయాలని అక్కడి ఆనవాయితీ కాబోలు.