పిసరంత వెలుతురు

అద్దంకిలో మా పురుగుమందుల కొట్టు పక్కనే వెల్డింగ్ భాయ్ షెడ్డు ఉండేది. పైపుకి పైపు అతకాలంటే, ఒకదాని మూతి రెండోదాని గుండ్రం మీద సరిగ్గా కూర్చునేట్టు వంపుగా కోయాలి. ఆయన కోసి, రెండూ కలిపి, ఎండకేసి పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"వెలుతురు కనపడితే అది అతుకే కాదండీ," అనేవాడు. ఎవరెంత తొందరపెట్టినా ఆ పైపు పక్కన పారేసేవాడు.

ఏళ్ల తరబడి వెల్డింగ్ మంట చూసీ చూసీ ఆయన కళ్లు మసకబారాయి. చేత్తో పట్టి కోసే గ్రైండరు గీత తప్పసాగింది. గేట్ల పనులు ఒంగోలుకి పోయాయి. అప్పుడాయన కారం మిల్లువాళ్లు పారేసిన మోటారుకి ట్రాక్టరు బేరింగులు బిగించి, పైపులు కోసే మిషను సొంతంగా తయారుచేశాడు. అది తిరిగితే ఇద్దరం తుమ్మేవాళ్లం.

మొదటి పైపు కోసిన రోజు నన్ను కేకేశాడు. అతుకు ఎండకేసి పట్టి, ఒక కన్ను మూశాడు. మొహం విప్పారింది.

"చూశారా అండీ, పిసరంత వెలుతురు లేదు!"

అతుకు సందులోంచి వచ్చిన ఎండ, తెరిచి ఉన్న ఆయన కంటి మీదే సన్నగా గీతలా పడుతోంది.

"లేదు భాయ్," అన్నాను.