మాలిక్‌కే అధికారం లేదన్న కంప్యూటర్

నా తెలివితేటల మీద మీకేమైనా గౌరవం ఉంటే ఇక్కడే ఆగిపోండి. ఇది చదివాక అది మిగలదు.

తొంభైల చివర్లో కొత్తకోట హైవే పక్కన ఒక లారీల ఆఫీసులో నేను కంప్యూటర్ మనిషిని. యజమాని ఖాజా సాబ్‌ను మాలిక్ అనేవాణ్ణి. లోడు రాయడం, రద్దు చేయడం, బండి వదలడం, ఆఖరికి మనుషులను కొలువులోంచి తీసేయడం, అన్నీ ఇంటర్నెట్‌లో నేను పెట్టిన పేజీ మీదే జరిగేవి. పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తే చాలు, ఎవరైనా ఏ బటనైనా నొక్కొచ్చు. ఒకరోజు హైదరాబాదు గుమాస్తా చూసుకోకుండా పల్లికాయ లోడునే రద్దు చేసి పారేశాడు.

"గిట్లయితే ఆఫీసు బందువెట్టుకోవాలె!" అన్నాడు మాలిక్. "ఒక్కొక్క పనికి ఎవరికి హక్కున్నదో కంప్యూటర్ అడగాలె. బండి వదులుడు నా ఒక్కని చేతుల ఉండాలె. కంప్యూటర్ల పాస్ రాకుంటే నేను చెప్పినా బండి కదలొద్దు!"

రెచ్చిపోయాను. ప్రతి బటనుకూ కాపలా పెట్టాను: నొక్కినవాడి పేరు చూడు, హక్కుంటే చెయ్యి, లేకుంటే తరిమెయ్యి. గుమాస్తాల పేర్లన్నీ రాశాను. మాలిక్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అంత పెద్దమనిషిని పట్టుకుని "నీకు హక్కుందా?" అని అడగడమా? ఎంత అమర్యాద! ఆయన పేరు ఎక్కడా రాయలేదు. ఆయన్ను చూస్తే కంప్యూటరే లేచి నిలబడుతుందనుకున్నాను కాబోలు!

మర్నాడు లక్ష్మమ్మ సీతాఫలాల లోడు బెంగళూరుకు బయల్దేరాలి. చెట్లు గుత్తకు పట్టిన మనిషి. ఆ ఏటి కష్టమంతా ఆ గంపల్లోనే ఉంది. మాలిక్ దర్జాగా కూర్చుని 'బండి వదులు' నొక్కాడు.

'మీకు ఈ పని చేసే అధికారం లేదు.'

"ఏమంటాంది ఇది?"

"అధికారం లేదంటాంది మాలిక్."

"ఎవనికి?"

"మీకే..."

"అరే! నా ఆఫీసుల నాకే లేదా?"

"మీ పేరు రాయలే మాలిక్. జర మర్యాదకని..."

"మర్యాదకా!"

పేర్లు రాసేది మా పేజీని నడిపే పెద్ద మిషనులోనే. సరిచేయాలంటే హైదరాబాదులో ఉన్న దాని దగ్గరికి బస్సెక్కి పోవాలి.

"అయ్యో కొడుకా, నువ్వు పోయొచ్చేదాక పండ్లన్నీ గుజ్జయితయి! నేనేం గావాలె?" లక్ష్మమ్మ నెత్తి పట్టుకుంది.

"నర్సిమ్మా, బండి తియ్!" మాలిక్ డ్రైవరు మీద అరిచాడు.

"పాస్ లేదు గద సాబ్. మీరు చెప్పినా కదలొద్దని మీరే అంటిరి."

మాలిక్ కస్సుమంటూ తనే లారీ ఎక్కాడు. బండిని హైవే దాకా తోలి, అక్కడ నర్సిమ్మకు అప్పజెప్పి పంపించాడు. లక్ష్మమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, ఆయన తిరిగొచ్చి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"మనిషిని కొలువుల నుంచి తీసేసే బటన్ ఏది?"

చూపించాను. నా పేరు ఎంచుకుని, బల్ల అదిరేలా నొక్కాడు.

'మీకు ఈ పని చేసే అధికారం లేదు.'

మర్నాడు హైదరాబాదు పోయి మాలిక్ పేరు చేర్చి వచ్చాను. ఇక జన్మలో కంప్యూటరు చేత ఎవరికీ మర్యాద చేయించనని ఒట్టు కూడా వేసుకున్నాను. మనుషులను తీసేసే ఆ ఒక్క బటను దగ్గర తప్ప.