ఇరవై ఎనిమిదో దినం

ముందు పోయినవి రాస్తాను. ఇంగ్లీషు పరీక్షకు పదిహేడు వేల ఐదు వందలు. ఊపిరితిత్తుల పరీక్షకు రెండు వేల ఎనిమిది వందలు. కన్సల్టెన్సీకి మొదటి కంతు నలభై ఐదు వేలు. ఇంగ్లండులో యూనివర్సిటీకి అడ్వాన్సు ఫీజు, కన్సల్టెన్సీ చేతుల మీదుగా, మూడు లక్షల ఇరవై వేలు. వీసాకు అరవై ఒక్క వేలు. బెంగళూరుకు తిరిగిన ఖర్చు ఆరు వేల ఏడు వందలు. రెండు సూట్‌కేసులు, ఒక ఉన్ని కోటు, చిన్న కుక్కరు కలిపి తొమ్మిది వేల నాలుగు వందలు. ఖాతాలో చూపించడానికి తెచ్చిన డబ్బుకు వడ్డీ ముప్పై మూడు వేల ఆరు వందలు. మొత్తం నాలుగు లక్షల తొంభై ఆరు వేలు. మా అక్క కూతురు రేణుకకు పోయిన చదువు సంవత్సరం వేరే. దానికి అంకె వేయడం నాకు రాదు.

నేను హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ పక్కన గూళ్ల నుంచి దారం తీసే ఒక రీలింగ్ షెడ్డులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చదివింది ఏడో తరగతి. తూకం, ధర, వడ్డీ అన్నీ చూసి నేర్చుకున్నవే. వీసాకు పద్దెనిమిది లక్షలు రేణుక ఖాతాలో ఇరవై ఎనిమిది దినాలు కదలకుండా ఉండాలన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఒక వ్యాపారి మూడో తేదీన వేశాడు. ముప్పయ్యో తేదీ పొద్దున నేనే అతనికి ఫోన్ చేసి, ఇరవై ఎనిమిది నిండాయి, తీసుకోండి అన్నాను. మా మార్కెట్లో డబ్బు ఇచ్చిన దినమూ లెక్కే, తిరిగి తీసుకున్న దినమూ లెక్కే. బ్యాంకు కాగితంలో మాత్రం ముప్పయ్యో తేదీకి ఖాతా ఖాళీ. వీసావాళ్ల లెక్కకు ఇరవై ఏడే. వీసా ఇవ్వలేదు. ఇంకొక్క దినం ఉంచి ఉంటే వడ్డీ పన్నెండు వందలు పెరిగేది, అంతే.

తప్పు నాది. కానీ ఆ కాగితాలు సరిచూసి పంపడానికే నలభై ఐదు వేలు తీసుకున్నవాడు వేళ్లు మడిచి ఎంచలేదు. యూనివర్సిటీ అడ్వాన్సు వెనక్కి పంపేశామని రేణుకకు మెయిల్ పెట్టింది. కట్టింది కన్సల్టెన్సీ ఖాతా నుంచి కాబట్టి తిరిగి పోయిందీ ఆ ఖాతాకే. అతను దాన్ని మింగి కూర్చున్నాడు. పైగా రెండో కంతు నలభై వేలు కడితే గానీ స్కానింగుకని తీసుకున్న అసలు సర్టిఫికెట్లు ఇవ్వనన్నాడు. మరుసటి రోజు పది గంటలకు అనంతపురంలో ఎమ్మెస్సీ సీటుకు అవి చూపించాలి. లేకపోతే ఇక్కడి సీటూ పోతుంది. అందుకే అతని ఆఫీసున్న ధర్మవరం బయలుదేరాను.

ఉదయం ఆరు పదికి హిందూపురం బస్టాండులో ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. సీటు లేదు, సగం దారి నిలబడ్డాను. పర్సు విసురుగా మూయడం చూసి కండక్టరు నవ్వాడు.

“సున్నా టికెట్టుకు గూడా అంత కోపమేమక్కా?”

“నీ మీద కాదులేప్పా” అన్నాను.

అక్కావాళ్ల ఊరు పెనుకొండలో దిగేసరికి ఏడు ఇరవై ఐదు. రేణుక బస్టాండులోనే నిలబడి ఉంది. రెండు ప్లేట్ల ఇడ్లీ అరవై. స్టేషను ఊరికి దూరం, ఆటో నలభై. రైలు టికెట్లు ఇద్దరికీ అరవై. ఎనిమిదిన్నర రైలు ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

ఎదురు సీట్లో ధర్మవరం చీరల ఏజెంటు ఒకాయన, కాళ్ల దగ్గర మూట. “పాప ఏం చదువుతాండాదమ్మా?” అన్నాడు. నేను జరిగింది చెప్పాను.

“మా అన్న కూతురు ఆడే ఉండాది. ఒక ఇంట్లో ఏడు మంది. వారానికి ఇరవై గంటలకు మించి పని చేయనీరంట. ఫోన్ చేస్తే చలి చలి అంటాది. వచ్చేయమంటే రానంటాది!”

“ఏడుమందికి స్నానాల గదులెన్ని?”

“ఒకటేనంటమ్మా.”

తలా పది నిమిషాలు వేసినా గంటా పది నిమిషాలు. అట్లాంటి ఇంటికి పంపడానికా ఇంత పోగొట్టుకున్నది అని నాకు ఒళ్లు మండింది. రేణుక ఒకే మాట అడిగింది. “ఏం చదువుతాండాది అంకుల్?”

“ఏమో పాపా, ఆ పేరు నాకు నోరు తిరగదు.”

రేణుక కిటికీ వైపు తిరిగింది. అట్లాంటి ఇంట్లో ఏడుగురి సామాన్లలో మారిపోకుండా కుక్కరు మీద ముందే పేరు చెక్కించుకున్న పిల్ల అది.

పది దాటాక ధర్మవరం. కన్సల్టెన్సీ ఒక పట్టుచీరల అంగడి పైన ఉంది, ఇరవై రెండు మెట్లు. గోడ నిండా విమానం ఎక్కిన పిల్లల ఫోటోలు. వీసా రానివాళ్ల ఫోటో ఒక్కటీ లేదు. బల్ల వెనక యజమాని. కుర్చీల్లో కనగానపల్లి నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఒళ్లో వాళ్ల కూతురి ఫైలు.

“మీ ఇంట్లో మగవాళ్లెవరూ రాలేదా మేడమ్?” అన్నాడు యజమాని.

“లెక్క రాసేది నేను. నాతోనే మాట్లాడు. వీసా వస్తేనే రెండో కంతు అని నీ రసీదులోనే ఉండాది.”

“వీసా రాకపోవడం నా తప్పా? ఏమ్మా రేణుకా, డబ్బు తీసేయమని ఫోన్ చేసిందెవరో మీ చిన్నమ్మనే అడుగు.”

మూడు నెలలుగా ఆ మాట నేను పిల్లకు చెప్పలేదు. తల ఎత్తలేకపోయాను.

“అడిగే పని లేదు” అంది రేణుక. “మూడు నుంచి ముప్పై. నాకూ ఎంచేది వచ్చు.”

అప్పుడు నేను కనగానపల్లి ఆయన వైపు తిరిగాను. “ఏమప్పా, మీ దుడ్లు ఖాతాలో ఎప్పుడు వేసినారు?”

“ఈ నెల పదకొండునమ్మా.”

“ఎప్పుడు తీయమన్నాడు?”

“వచ్చే నెల ఎనిమిది. ఈ సారు తానే రాసిచ్చినాడు, చూడు.”

నెలకు ముప్పై. పదకొండు నుంచి ముప్పై దాకా ఇరవై, పైన ఎనిమిది. వేసిన దినమూ కలిపాడు, తీసే దినమూ కలిపాడు. మా మార్కెట్ లెక్కే! ఈ మనిషికీ అంతకు మించి తెలియదు. ఈ అజ్ఞానానికే తలా ఎనభై ఐదు వేలు.

“ఎనిమిదిన ముట్టుకోవద్దండి!” అని అరిచాను. “ఆ రాత్రి ఖాతా ఖాళీగా ఉంటే ఇరవై ఏడే! మా పిల్లకు ఇట్లే పోయింది. పదో తేదీ దాకా పెట్టండి.”

భార్య లేచింది. “ఏం సార్, ఈయమ్మ చెప్పేది నిజమేనా?”

యజమాని ఫోన్లో క్యాలెండరు తీశాడు. వేలితో ఒక్కొక్క గడి నొక్కుకుంటూ పోయాడు. మళ్లీ మొదటి నుంచి నొక్కాడు. ఆమె ఆయన భుజం మీదుగా చూస్తూనే ఉంది.

“మేడమ్, మీరు ముందు మీ ఫైలు తీసుకుని కిందికి పోండి.”

“అరిస్తే గానీ ఇయ్యవా? కాగితాలు ఎంచుకోనీ.”

పదో తరగతి నుంచి డిగ్రీ దాకా పదకొండు కాగితాలు. రెండుసార్లు ఎంచాను, అన్నీ ఉన్నాయి. అడ్వాన్సు సంగతి తేలేదాకా కుర్చీలోంచి లేవనన్నాను. మెట్ల మీద ఇంకెవరో వస్తున్న చప్పుడు వినిపించి, అక్కడికక్కడే ఫోన్లో ఇరవై ఐదు వేలు పంపాడు. మిగతాది నెలలోపల ఇస్తానని రాసి సంతకం పెట్టాడు.

హోటల్లో రెండు భోజనాలు నూట ఎనభై. రెండింటి రైల్లో కిటికీ పక్కన సీట్లు దొరికాయి. రేణుక ఫైలు గుండెకు ఆనించుకుని కూర్చుంది.

“నీకెప్పుడు తెలిసిందే?” అన్నాను.

“లెటర్ వచ్చిన దినమే.”

“మరి నన్నొక్క మాట అనలేదే?”

“అంటే నువ్వు వాణ్ణి తిట్టేది ఆపేస్తావని.”

నవ్వాను గాని కోపం దిగలేదు. ఇప్పటికీ దిగలేదు. మరుసటి రోజు అనంతపురంలో కాగితాలు చూపించి రేణుక సీటు దక్కించుకుంది. కుక్కరు హాస్టలుకు తీసుకుపోయింది. ఈ దారిలో పిల్లల్ని పంపేవాళ్లు ఉంటే ఇది చెప్తాను: అసలు సర్టిఫికెట్లు ఎవరి బల్ల మీదా వదలొద్దు. ఫీజు మీ ఖాతా నుంచే కట్టండి. దినాలు మీరు ఎంచండి, ఇంకొకరితో ఎంచించండి, ఆ పైన ఇంకో రెండు దినాలు డబ్బు అట్లే ఉంచండి.

ఆ కాగితం మీద రాసిన నెల ఎప్పుడో దాటిపోయింది. మధ్యలో ఒకసారి పది వేలు పంపాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ధర్మవరానికి ఇంకో నాలుగు సార్లు పోయాను, రెండు సార్లు తాళం. వడ్డీ కలపకుండా, ఈ పొద్దుటికి అతను ఇవ్వాల్సింది రెండు లక్షల ఎనభై ఐదు వేల రూపాయలు.