తాడుకి అవతలి కొసన ఉన్నవాడు

హెలికాప్టర్ పూర్తిగా ఆగలేదు. రెక్కలు తిరుగుతుండగానే దిగిపొమ్మన్నారు. కిట్ బ్యాగు ముందు విసిరేను, దాని వెనక నేను దూకేను. ఉదయం ఏడు దాటింది. ఎండ కాస్తోంది గానీ ఆ ఎండలో వేడి లేదు. ముక్కులో తడి గడ్డకట్టింది. నాలుగడుగులు వేసేసరికి ఊపిరందక మంచులో కూలబడ్డాను. తలెత్తి చూసేసరికి హెలికాప్టర్ కొండ అవతలికి వెళ్ళిపోయింది.

ఆ చోటు పేరు రాయను, రాయకూడదు. ఉత్తరాన ఒక కొండ వెన్ను మీద పోస్టు అనుకోండి చాలు. ఫైబర్ గుడిసె ఒకటి, ఇసుక బస్తాల బంకరు ఒకటి, కిరసనాయిలు స్టవ్వు, మెషిన్‌గన్, రేడియో. ఎనిమిది మందిమి. చెట్టు లేదు, మట్టి లేదు. నేనేమో కొబ్బరిచెట్టు నీడ పడని జాగా దొరకని కొత్తపేట వైపు నుంచి వెళ్ళినవాణ్ణి. ఆ తెల్లదనం చూసి మొదటిరోజు నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఇక్కడ కాపలా కాయడానికి ఏముందిరా నాయనా అనుకున్నాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి మా ఊరి హైస్కూలు హెడ్మాస్టారు కారణం. మొన్న తోటలో కొబ్బరి దింపు అవుతుంటే వచ్చేరు.

"మిలట్రీ గారండీ, పిల్లలకి వ్యాసరచన పోటీ పెడుతున్నామండి. 'నా జీవితాన్ని ప్రభావితం చేసిన వ్యక్తులు' అని. ముందు మీరొకటి రాసిస్తే ప్రార్థన దగ్గర చదివి వినిపిస్తానండి."

"నాకు రాయడమేం వచ్చండీ మాస్టారూ."

"దేశనాయకుల గురించి నాలుగు ముక్కలు రాసెయ్యండి. సరిపోద్ది."

"ఆయ్" అన్నాను. ఆయన వెళ్ళేక అరుగు మీద కూర్చుని ఆలోచించేను. దేశనాయకులు గొప్పవాళ్ళే, కాదని ఎవరన్నారు. కానీ నా బతుకుని పట్టుకుని ఆపినవాళ్ళు ఇద్దరే. ఒకాయన మాకు ఒక పని నేర్పేరు. రెండోవాడు ఆ పని నా కోసం చేసేడు. చేసేనని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. పిల్లలు వినాలంటే ఇదే రాయాలి, లేకపోతే మాస్టారు వేరేవాళ్ళని చూసుకోవాలి.

మొదటాయన మా పోస్టు కమాండర్, సుబేదార్ సాబ్. గఢ్వాల్ కొండల్లో పుట్టిన మనిషి. పొట్టిగా ఉండేవారు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. వెళ్ళిన మర్నాడు మమ్మల్ని స్టవ్వు చుట్టూ కూర్చోబెట్టి మధ్యలో తాడు పడేసేరు. మా మాటలన్నీ హిందీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఈ కొండ వెన్ను సన్నం. రెండు పక్కలా లోయ. ఒక్కో తాడుకి ఇద్దరు. ముందువాడు కుడివైపు పడిపోయేడు. వెనకవాడు ఏం చెయ్యాలి?" అని అడిగేరు.

నేను తెలివిగా లేచి చెప్పేను. "మంచు గొడ్డలి దింపి గట్టిగా పట్టుకోవాలి సాబ్."

"అంత టైం ఉండదు. నువ్వు గొడ్డలి ఎత్తేలోపు ఇద్దరూ కుడివైపు లోయలో ఉంటారు. వెనకవాడు ఎడమవైపు దూకాలి."

తాడు కొస చేతిలోకి తీసుకుని చూసేను.

"ఎడమవైపు కూడా లోయే కదా సాబ్" అన్నాను.

"అందుకే దూకాలి. నీ బరువు వాణ్ణి ఆపుతుంది, వాడి బరువు నిన్ను ఆపుతుంది. తాడు కొండకి అడ్డంగా పడి నిలబడుతుంది."

నాకు కావడి కళ్ళ ముందు కనిపించింది. బద్దకి చెరో పక్క బుట్ట, మధ్యలో మోసేది కొండ. లెక్క బాగానే ఉంది. కానీ ఆ బుట్టలో ఉండేది మనం.

"దూకుతారా?" అన్నారు. అందరం ఒక్క గొంతుతో జీ సాబ్ అన్నాం.

ఆయన నవ్వేరు. "అందరూ అలాగే అంటారు. నేను కూడా అన్నాను. దూకాల్సిన రోజు నాకు ఇంతవరకూ రాలేదు. అందుకని దూకుతానో లేదో నాకూ తెలీదు."

సర్వీసులో పెద్ద ర్యాంకులు చాలామంది చెప్పినవి విన్నాను. నాకు తెలీదు అని కింది జవాన్ల ముందు అన్న కమాండర్ని ఆయన్నొక్కణ్ణే చూసేను. ఆ రోజు నుంచీ ఆయన ఏం చెప్పినా నమ్మేను.

రెండోవాడు మా రేడియో ఆపరేటర్. మలయాళీ. నాకంటే రెండేళ్ళు చిన్న. మొదట్లో బాగానే ఉన్నాం, వాళ్ళదీ మనలాగే కాలవలూ కొబ్బరితోటలూ. ఆ కొబ్బరి దగ్గరే చెడింది. "మీ కాయల్లో నీళ్ళు తప్ప ఏముంది, కాయంటే మాదే" అన్నాడు. కోనసీమ వాడితో అనే మాటేనా అది. నేను వాళ్ళ వంటనూనె వాసన దగ్గర మొదలెట్టి చాలా దూరం వెళ్ళేను. వాడూ తగ్గలేదు. అంత ఎత్తున గాలి పలచన, నిద్ర ఉండదు, అన్నం సయించదు, మనిషికి మనిషి ముల్లులా తగులుతాడు. ఇద్దరికీ మాటలు పోయేయి. వారాల తరబడి అంతే. టీ గ్లాసు కావాలన్నా వంటవాడితో చెప్పించుకునేవాళ్ళం.

సుబేదార్ సాబ్ ఇదంతా చూస్తూ మా ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టేరు. నేను వెళ్ళి గొణిగేను.

"సాబ్, వాడికీ నాకూ మాటల్లేవు."

"తెలుసు. ఈ పోస్టులో పద్ధతి అదే. స్నేహితుల్ని కడితే కబుర్లాడుకుంటారు, తాడు చూడరు. పడనివాళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు."

రోజూ వెలుగు రాగానే కింది పహరా చోటుకి వెళ్ళి రావడం మా డ్యూటీ. ఎండకి మంచు మెత్తబడేలోపు తిరిగొచ్చెయ్యాలి. ముందు నేను, చేతిలో పొడిచి చూసే కర్ర. వెనక వాడు, వీపున రేడియో సెట్టు. మా వెనక ఇంకో తాడు మీద సుబేదార్ సాబ్, నర్సింగ్ అసిస్టెంటూ. హుకుం ఒక్కటే: పాత జాడ వదలకూడదు, అంచుకి పోకూడదు.

మూడు రోజులు మంచు ముసురు పట్టి వదిలిన ఉదయం అది. ఆకాశం నీలంగా ఉంది. జాడంతా పూడిపోయింది. మధ్యలో మోకాలి లోతు పొడి మంచు, అడుగు తీసి అడుగు వెయ్యాలంటే గుండె గొంతులోకి వస్తోంది. కుడిపక్కన మాత్రం సన్నగా, ఎత్తుగా, గట్టిగా ఒక వరస. అచ్చం చేను గట్టులాగే ఉంది.

ఇక్కడ పిల్లలకి ఒక మాట చెప్పాలి. నేను ఆలోచించలేదు. ఊడ్పుల చేలల్లో పెరిగిన కాళ్ళు, వాటికి తెలిసిందల్లా చేను దిగబడుతుంది, గట్టు ఆపుతుంది అని. అవే ఎక్కేసేయి. ఆ తప్పు రాజస్థాన్ వాడు చెయ్యడు, పంజాబు వాడు చెయ్యడు. గట్టు కనిపిస్తే ఎక్కేది మనమే. అక్కడ గట్టులా కనిపించేది గాలి పేర్చిన మంచు. ఇంటి చూరులా లోయలోకి వేలాడుతూ ఉంటుంది. కింద ఏమీ ఉండదు.

రెండడుగులు మోసింది. మూడో అడుగుకి ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. తర్వాత నడుం దగ్గర ఒక్క గుంజు. కళ్ళు తెరిచేసరికి మొహం మంచుగోడకి ఆనుకుని ఉంది, కర్ర లేదు, కాళ్ళ కింద లోయ. ఇంకా కిందికి పోతానని ఎదురుచూసేను. పోలేదు. తాడు బిగిసి ఉంది.

కొండ అవతల నుంచి, చాలా సన్నగా, వాడి గొంతు.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"కదలకు."

అన్ని వారాల తర్వాత మేం మాట్లాడుకున్న మాటలు అవి.

వాడి కుడి భుజం కీలు తప్పింది. ఎడమచేత్తో సెట్టు నొక్కి పోస్టుకి కబురు చెప్పేడు. బంకర్లో విన్నవాళ్ళు ఆ మాటల్ని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నారో.

"కంట్రోల్, మేం తాడు మీద ఉన్నాం. అతను కుడివైపు, నేను ఎడమవైపు. ఓవర్."

"పైన ఎవరున్నారు? ఓవర్."

"పైన ఎవరూ లేరు. ఓవర్."

సుబేదార్ సాబ్ వాళ్ళు మంచులో ఈదుకుంటూ వచ్చేరు. తాడుని గొడ్డళ్ళకి కట్టి నన్ను ముందు లాగేరు, తర్వాత వాణ్ణి. నర్సింగ్ అసిస్టెంటు అక్కడికక్కడే భుజం కట్టేడు. వాడు పళ్ళు కరుచుకున్నాడు గానీ అరవలేదు.

సాయంత్రం గుడిసెలో రిపోర్టు. సుబేదార్ సాబ్ అడిగేరు. "ఏం జరిగింది?"

"అతను పడగానే తాడు లాగింది సాబ్. నా కాలు జారింది. ఎడమవైపు పడ్డాను."

"జారింది?"

"జారింది సాబ్."

తాడు కుడివైపు లాగితే మనిషి ఎడమవైపు ఎలా జారతాడో చెప్పండి. సుబేదార్ సాబ్‌కి మాత్రం తెలీదా. వాడి మొహంలోకి చాలాసేపు చూసి, వాడు చెప్పినట్టే రిపోర్టు రాసి పై అధికారులకి పంపించేరు. గన్ను దగ్గరి కుర్రాడు వేళాకోళమాడేడు. "ఇద్దరూ చెరో పక్క జారి తూకం సరిపెట్టేరు, ఏం అదృష్టం." అందరూ నవ్వేరు. వాడూ నవ్వేడు. నాకు నవ్వు రాలేదు.

భుజం కోసం వాణ్ణి కిందికి పంపడానికి హెలికాప్టర్ వచ్చింది. దిగే చోటు దాకా బ్యాగు నేను మోసేను.

"నిజం చెప్పు. దూకేవా?"

"జారేనని చెప్పేను కదా."

"నీ నోటితో వినాలి."

"నీకెందుకు? బతికేవు కదా. ఇంటికెళ్ళి మీ నీళ్ళకాయలు తిను" అని ఎక్కేసేడు.

నాకెందుకంటే, ఆ తర్వాత ప్రతి ఉదయం తాడు కట్టుకున్నప్పుడల్లా ఒకటే ప్రశ్న. వెనక నేనుండి, ముందు వాడు పడి ఉంటే? నేను దూకేవాణ్ణా? వాడు జారేడంటే నా ప్రాణం అదృష్టం ఇచ్చింది, దణ్ణం పెట్టి మర్చిపోవచ్చు. దూకేడంటే ఒక మనిషి ఇచ్చేడు, అదీ నాతో మాటల్లేని మనిషి. రెండూ ఒకటి కాదు. అలా బతికినవాడు మామూలుగా బతకడానికి సిగ్గుపడతాడు.

పోస్టులో నా వంతు అయిపోయి సెలవు మీద ఊరొచ్చేను. కొత్తపేటలో బస్సు దిగి చేలకడ్డంగా నడిచి వస్తుంటే మా ఆవిడ ఎదురొచ్చింది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"గట్టుండగా చేలో దిగి నడుస్తారేంటండీ? ప్యాంటంతా బురద."

నాకు తెలీకుండానే దిగిపోయేను. చాలాకాలం గట్టెక్కలేదు. ఎందుకో చెప్పేసరికి ఆవిడ ఇంకెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు పెన్షను తీసుకుని తోట చూసుకుంటున్నాను. పక్కతోట ఆయనకీ నాకూ కాలవనీళ్ళ దగ్గర మాటల్లేవు. అయినా పొద్దున్నే ఆయన తలుపు తియ్యకపోతే వెళ్ళి కొడతాను. ఆయన తీసి ఏంటన్నట్టు చూస్తారు. నేను ఏం లేదండి అని వచ్చేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది, ఇదేం పోట్లాటండీ అని. నాకు తెలిసిన పోట్లాట ఇదే. పోస్టులో నేర్చుకున్నది.

సుబేదార్ సాబ్ పోయేరని మూడేళ్ళ కిందట తెలిసింది. దూకాల్సిన రోజు ఆయనకి ఎప్పుడైనా వచ్చిందో లేదో అడగలేకపోయేను. నాకైతే రాలేదు. అందుకే పిల్లలూ, మీరెవరైనా తాతగారూ మీరైతే దూకేవారా అని అడిగితే, నాకూ తెలీదు అనే చెబుతాను.

ఆపరేటర్ మళ్ళీ పోస్టుకి రాలేదు. ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. డాక్టర్లు సర్వీసుకి పనికిరాడని తేల్చి ఇంటికి పంపేసేరు. వాళ్ళ ఊళ్ళో రేడియోలు, ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఇది రాసే ముందు ఫోన్ చేసేను.

"పిల్లల కోసం నీ గురించి రాస్తున్నాను. పేరు పెట్టనా?"

"వద్దు."

"ఏం?"

"అమ్మ ఉంది. ఎనభై దాటింది. ఇప్పటికీ తల దువ్వుకోలేనంటే తనే వచ్చి దువ్వుతుంది, ఆ కొండని తిడుతూ. జారేనంటే తప్పు కొండది. దూకేనంటే తప్పు నాది. తను ఏమైపోతుందోనని ఆలోచించకుండా దూకేసేనని అమ్మకి ఎలా చెప్పను?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మీ అమ్మగారికి తెలుగు రాదు కదా" అన్నాను చివరికి.

"మా అమ్మ సంగతి నీకు తెలీదు. జారేననే రాయి."

ఆయ్, అలాగే అన్నాను. పేరు రాయలేదు, ఊరు రాయలేదు. కానీ జారేడని రాయలేను. ఎందుకంటే నేను చూసేను. ఇది సుబేదార్ సాబ్‌కి కూడా చెప్పలేదు.

నన్ను పైకి లాగేసేక సుబేదార్ సాబ్, నర్సింగ్ అసిస్టెంటూ వాడి వైపు తాడు దగ్గరికి వెళ్ళిపోయేరు. నేను కొండ వెన్ను మీద బోర్లా పడి ఉన్నాను, లేచే శక్తి లేదు. మొహం ఎడమ అంచుకి చేరువలో ఉంది. అక్కడ మంచులో రెండు బూటు గుర్తులున్నాయి. పక్కపక్కనే, లోతుగా. మడమలు నా వైపు, వేళ్ళు లోయ వైపు. జారిన గీత ఒక్కటి లేదు. గాలికి పొడి మంచు వచ్చి వాటిలో పడుతోంది. అవి పూడిపోయేదాకా చూస్తూ ఉన్నాను.