ఆరాలమ్మకు వచ్చిన రెండు సీట్లు

సబ్బు కాగితానికి చొక్కా గుండీ అంత చిల్లు పెట్టించడం మా తమ్ముడి కూతురు సాధించిన మొదటి విజయం. ఇదీ ఒక గొప్పేనా అనిపిస్తుంది గానీ, దాని వెనక మూడు వారాలు నిలువుకాళ్ళ మీద నిలబడ్డ కష్టం ఉంది.

డిగ్రీ కాగానే అమ్మాయి సబ్బుల కంపెనీలో చేరింది. వాళ్ళు తెచ్చిన కొత్త సబ్బు కొట్లలో అరల మీంచి కదల్లేదు. ఎందుకో చూద్దామని మా అమ్మాయి ఓ కొట్లో మూల నిలబడింది. వచ్చినవాళ్ళంతా సబ్బు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, కాగితం మందంగా ఉండి వాసన రాక తిరిగి పెట్టేయడం. చిల్లు పెడదామంటే కంపెనీ యజమాని, “కొత్త కాగితానికి చిల్లేమిటమ్మా, ఎలకలు కొట్టాయనుకుంటారు” అన్నాడట. నాలుగుసార్లు కాదన్నాడు. ఐదోసారి ఒక్క పెట్టెకి ఒప్పుకున్నాడు. ఆరు రోజుల్లో పెట్టె ఖాళీ.

చిన్నప్పట్నుంచీ అంతే. ఇంటికొచ్చినవాళ్ళ చెప్పులు ఎందుకరిగాయో కూడా ఆరా తీసేది. అందుకే ఇంట్లో దాని పేరు ఆరాలమ్మ. బడిలో నాలుగేళ్ళు వరసగా లెక్కల్లో ఫస్టు. ఉపన్యాసాల పోటీల్లో రెండు కప్పులు. డిగ్రీలో కాలేజీ మొత్తానికి రెండోది. మొదటి స్థానం అర మార్కుతో పోయింది. ఆ అర మార్కుని అమ్మాయి మరిచిపోయింది గానీ నేను మరవలేదు. ఎనిమిదో తరగతితో బడి మానినవాడికి అర మార్కు విలువ బాగా తెలుస్తుంది.

పై చదువుకి దరఖాస్తు పెడితే ఒకే వారంలో రెండు సీట్లొచ్చాయి. ఒకటి ఎం.బి.ఏ. మార్కెటింగ్. రెండోది ఎమ్మెస్సీ. జనం ఏది ఎందుకు కొంటారో పరిశోధించే చదువట. రెండూ రెండేళ్ళే. శుక్రవారం ఐదు గంటల్లోపు ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. ఒకటి తీసుకుంటే రెండోది పోయినట్టే.

ఎం.బి.ఏ. చేసి వస్తే మార్కెటింగ్ మేనేజరు కుర్చీ నీదే అన్నాడు యజమాని. రెండోదాని పేరే ఆయన వినలేదు. పరిశోధనంటే కళ్ళద్దాలు పెట్టుకుని గదిలో కూర్చోవడమేగా అని నవ్వాడు. నాకూ ఆయన మాటే సబబనిపించింది. ఎం.బి.ఏ. అని నలుగురిలో చెప్పుకోవడానికి నోటికి నిండుగా ఉంటుంది కూడా.

అమ్మాయికి మాత్రం తిండి సయించలేదు. ఒక్కో చదువు ముగించినవాళ్ళని ఐదుగురు చొప్పున వెతికి పట్టుకుంది. చదువెలా ఉందని ఎవర్నీ అడగలేదు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారని అడిగి నోటుబుక్కులో రాసుకుంది. ఎం.బి.ఏ. వాళ్ళు ఐదుగురికీ ఉద్యోగాలున్నాయి. నలుగురికి ఆ రోజంతా మీటింగులతోనూ డీలర్ల వెంట తిరగడంతోనూ గడిచిపోయింది. ఎమ్మెస్సీవాళ్ళలో ముగ్గురు జనం ఇళ్ళకెళ్ళి మాట్లాడుతూ గడిపారు. ఒకతను ఏడు నెలలుగా ఖాళీ. ఇంకొకామె ఫోనే ఎత్తలేదు. ఆ ఖాళీగా ఉన్నవాడి దగ్గరే అమ్మాయి ఆగిపోయింది. ఆ పేజీ తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం.

గురువారం పొద్దున నేనిక చూడలేకపోయాను. ఎం.బి.ఏ. కాలేజీ ఉత్తరం మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ ఎత్తింది. మా అమ్మాయి మీ దగ్గరికే వస్తోంది, పెదనాన్నగా నేను మాటిస్తున్నానని చెప్పాను. మంచిదండీ అంది. పనికి వస్తామన్నా, ఎద్దుని అమ్మినా మా లెక్క అంతే. నోటి మాట పడిందంటే పడినట్టే. తిన్నగా వెళ్ళి అమ్మాయికి చెప్పాను, నీ బెంగ తీర్చేశాను, సీటు ఖాయమైపోయిందని.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. అక్కణ్ణించే అడిగింది:

“పెదనాన్నా, ఇప్పుడు నాకు నిమ్మళంగా ఉండాలి కదా. ఎవరో పోయినట్టుంది, ఎందుకు?”

మా మరదలు, అమ్మాయి తల్లి, బట్టలు కుడుతుంది. మిషను ఆపి, నోట్లోంచి గుండుసూది తీసి, “బావగారూ, మాట మీరిచ్చారు సరే, సంతకం ఎవరు పెట్టారు?” అంది.

మళ్ళీ ఫోన్ చేశాను. లైను కలవలేదు. గంటన్నర పాటు చేస్తూనే ఉన్నాను. అమ్మాయి మెట్ల మీంచి లేవలేదు. చివరికి ఆవిడే ఎత్తింది. “అయ్యా, రోజుకి నలభై మంది పెద్దలు మాకిలాగే మాటిస్తారు. కంప్యూటర్లో అమ్మాయి తన పేజీలో తను నొక్కితేనే లెక్క” అంది.

ఆ సంగతి చెప్పగానే అమ్మాయి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఏ సీటు కావాలో నాకప్పుడు అర్థమైంది. తనకీ అప్పుడే అర్థమైందనుకుంటాను. మరి ఉద్యోగం దొరక్కపోతే అని అడిగాను.

“భయంగానే ఉంది. కానీ పెదనాన్నా, అమ్మడం ఎలాగో పని చేస్తూ నేర్చుకుంటాను. కొనేవాళ్ళని అడగడమే నాకు రాదు. ఊరికే నిలబడి చూడటం ఒక్కటే వచ్చు. చిల్లు సంగతి తట్టింది అదృష్టం కొద్దీ.”

శుక్రవారం నాలుగింటికి ఇరవై నిమిషాలుందనగా ఎమ్మెస్సీ సీటు మీద నొక్కింది.

యజమాని ముఖం మాడ్చుకున్నాడు. మేనేజరు కుర్చీ ఇక లేదన్నాడు. రెండేళ్ళకి ఇంకో సబ్బు తెస్తున్నామనీ, ఆ ఏడు జూన్ మొదటి వారంలోపు చదువు ముగించుకుని వస్తే ఆ పని అప్పగిస్తాననీ, ఆలస్యమైతే వేరేవాళ్ళని చూసుకుంటాననీ తేల్చి చెప్పాడు.

మొదటి పరీక్షల్లో అమ్మాయి అరవై మందిలో మూడోదిగా వచ్చింది. దాని నివేదికని అక్కడి మేష్టారు తరగతిలో చదివి వినిపించారట. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ కాలేజీలో ఆఖరి పరీక్షలు ఒక్కోసారి వాయిదా పడతాయని మొన్న మాటల్లో అంది. అదే జరిగితే జూన్ మొదటి వారం దాటిపోతుంది. యజమానిని ఇంకో వారం ఆగమందామని రెండుసార్లు బయల్దేరి వెనక్కొచ్చాను. ఈసారి అమ్మాయినడక్కుండా ఎవరికీ మాటివ్వను. ఇప్పటికైతే ఆఖరి పరీక్ష వచ్చే ఏడాది మే ఇరవై ఆరున. ఇంటికి రావాల్సింది మే ఇరవై తొమ్మిది, సాయంత్రం బండికి.