వానకోయిలలు వెళ్ళాక

మా మరదలు మూడేళ్ళు మెడ పట్టేసేలా ఆకాశం చూసి, చివరికి తన కొట్టు మీద తిరిగే పిట్ట ఆనవాలు పట్టింది: అది వానకోయిల కాదు, స్విఫ్ట్ అనే వేరే పిట్ట. దర్జీ కొట్టులో కాజాలు కుట్టే కన్ను మరి. తీగ మీద బారుగా కూర్చునేది వానకోయిల. ఇది తీగ మీద వాలదు. ఒళ్ళంతా నలుపు, కొడవలిలా వంగిన రెక్కలు, నిద్ర కూడా గాలిలోనే. అయినా మా ఇంట్లో రెండింటినీ వానకోయిలలనే అనేవాళ్ళం. మాకోసం ఆమె కూడా అలాగే అనేది.

కొట్టు చూరు కింది కన్నంలో ఈ నల్లపిట్టల జంట ఒకటి ఏటా గూడు పెట్టేది. అవి వచ్చిన తేదీ ఆమె కొలతల పుస్తకం వెనక రాసుకునేది.

నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. నలభై రెండేళ్ళు తాపీ పట్టాను. రెండు బడులు, ఒక ఆసుపత్రి, పెద్ద నీళ్ళ ట్యాంకు నా చేతి పనే. నా గోడలో పగులు చూపినవాడు లేడు. అందుకే కొట్టు గోడ మరమ్మతుకు యజమాని నన్నే పిలిచాడు.

కూతురింటికి వెళుతూ మా మరదలు చెప్పింది: “బావా, వానకోయిలలు వెళ్ళాకే ఆ కన్నం జోలికెళ్ళు. నీకసలే చేతి దురద.”

“నువ్వు సూదిలో దారం ఎక్కించక ముందే నేను మేడలు కట్టాను, నాకు చెప్తావా?” అన్నాను.

మర్నాడు తీగ మీద వానకోయిలలు పిల్లలతో సహా బారు తీరాయి. ఆ మర్నాటికి తీగ ఖాళీ. వెళ్ళిపోయాయనుకుని, లోపలికి తొంగైనా చూడకుండా కన్నం పూడ్చి, అద్దంలా నునుపు చేశాను. రెండు నల్లపిట్టలు వచ్చి గోడకు తగిలి మళ్ళుతుంటే, తడి సిమెంటు మీద పురుగులకోసం అనుకున్నాను.

నాలుగో రోజు ఆమె తిరిగొచ్చి గోడ వంక, దాని చుట్టూ ఇంకా తిరుగుతున్న నల్లపిట్టల వంక చూసింది. నేనే ఉలి తీసి పగలగొట్టాను. లోపల రెండు పిల్లలు. రెండిట్లోనూ ఊపిరి లేదు.

“నీ తప్పు కాదు బావా. పేరు నేనే తప్పు చెప్పాను,” అంది.

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఆ ఏడాది ఆ జంట మళ్ళీ కనబడలేదు. కన్నం పాత కొలతకే తెరిచి, గోళ్ళకు పట్టు దొరకాలని లోపల గరుకుగా ఉంచాను. నా జన్మలో నునుపు చేయకుండా వదిలిన పని అదొక్కటే. ఇప్పుడు నేనూ ఆ పిట్టను స్విఫ్ట్ అనే అంటున్నాను. పాత తేదీలన్నీ చూసి ఆమె పుస్తకంలో ఈ ఏడు అవి రావలసిన తేదీ ఒకటి వేసింది. వస్తాయో రావో అనలేదు. నేను రోజూ కళ్ళజోడు పెట్టుకుని అది చదువుకుంటున్నాను: ఏప్రిల్ ఇరవై రెండు.